ఏటీసీ కావాలనుకునే మన పిల్లలు ఏ దారి పట్టాలి?

జూన్ నెల వచ్చిందంటే మా ఫిజిక్స్ విభాగం ముందు వరండాలోని బెంచీ ఖాళీగా ఉండదు. ఇంటర్ మార్కుల జాబితా పట్టుకుని పిల్లలు వస్తారు, వాళ్ల వెంట తల్లిదండ్రులు వస్తారు. అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మునుపు అందరూ ఎంసీఏ గురించో బీఈడీ గురించో అడిగేవారు. 2021 మార్చిలో కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ప్రారంభమయ్యాక ఇంకో ప్రశ్న మొదలైంది: "మేడం, ఏటీసీ కావాలంటే ఏం చదవాలి?" ఏటీసీ అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్, కింద నుంచి రేడియోలో పైలట్లతో మాట్లాడుతూ విమానాల రాకపోకలను నడిపించే మనిషి.

నిరుడు కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక వేరుశనగ రైతు వచ్చారు. చేతిలో నిగనిగలాడే కరపత్రం, దాని మీద కంట్రోల్ టవర్ బొమ్మ, వెనుక పిన్ను గుచ్చిన రసీదు. ఏడాది డిప్లొమా చేస్తే విమానాశ్రయంలో ఏటీసీ ఉద్యోగం ఖాయమని ఒక నగరంలోని సంస్థవారు చెప్పారట. లక్షా పదివేలు అప్పటికే కట్టేశారు. కూతురికి ఎంపీసీలో మంచి మార్కులు. "సరైన దారే కదమ్మా?" అని ఆయన అడిగినప్పుడు నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఆ డబ్బు వెనక్కి రాలేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ రసీదే కారణం.

అందుకే ముందుగా ఈ ముక్క. మన దేశంలో పౌర విమానయానంలో ఏటీసీ ఉద్యోగాలకు మనుషులను తీసుకునేది ప్రధానంగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే ఏఏఐ. డిగ్రీ అయినవారిని జూనియర్ ఎగ్జిక్యూటివ్ హోదాలో రాతపరీక్ష పెట్టి తీసుకుంటుంది. తీసుకున్నాక ప్రయాగ్‌రాజ్‌లోని సివిల్ ఏవియేషన్ ట్రైనింగ్ కాలేజీ, హైదరాబాద్ బేగంపేటలోని శిక్షణ కేంద్రం వంటి తన సొంత కేంద్రాల్లో తానే పని నేర్పిస్తుంది. బయట డబ్బు కట్టి చేసిన ఏ డిప్లొమా కూడా ఈ ఉద్యోగానికి అర్హత కాదు, అది ఉన్నందుకు ఒక్క మార్కు కూడా కలవదు. కాబట్టి డిప్లొమాను ఈ పోలికలోకి నేను తీసుకురావడమే లేదు.

కంటి పరీక్ష ముందు, కాలేజీ తరువాత

దారి ఎంచుకునే ముందు ఒక ఉదయం ఖర్చు పెట్టి కళ్లు చూపించుకోండి. ఏటీసీకి పౌర విమానయాన నిబంధనల ప్రకారం మూడో తరగతి వైద్య పరీక్ష నెగ్గాలి. అద్దాలు ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. అసలు చిక్కు రంగుల దగ్గర వస్తుంది. చుక్కల మధ్య దాగిన అంకెను చదివించే పుస్తకం ఒకటి ఉంటుంది, ఇషిహారా పరీక్ష అంటారు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారికి ఆ అంకె కనిపించదు. ఈ లోపం పుట్టుకతో వచ్చేది, ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో ఎక్కువ. రోజువారీ జీవితానికి పెద్దగా అడ్డు రాదు గనుక చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు.

గుంతకల్లు దగ్గరి కుర్రవాడు ఒకడు మా దగ్గరే చదివి, రెండేళ్లు కష్టపడి రాతపరీక్ష గట్టెక్కాడు. వైద్య పరీక్షలో ఈ చుక్కల పుస్తకం దగ్గర ఆగిపోయాడు. తిరిగి వచ్చి నా ఎదుట కూర్చుని చాలాసేపటికి ఒక మాట అన్నాడు: "చిన్నప్పుడు మిరప తోటలో పండుకాయలు మాత్రమే కోయమంటే పచ్చివి కూడా కోసుకొచ్చేవాణ్ణి మేడం. అమ్మ ధ్యాస లేదని తిట్టేది." ఆ తిట్లు తిన్నప్పుడే ఎవరైనా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉంటే ఆ రెండేళ్లు వేరే పరీక్షకు పెట్టేవాడు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే మీ ఊళ్లో ఏ కంటి డాక్టరు దగ్గరైనా ఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. ఇంటర్‌లో ఉండగానే చేయించండి.

బీఎస్సీనా, బీటెక్కా?

ఏఏఐ అడిగే చదువు రెండు రకాలు. ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ రెండూ ఉన్న మూడేళ్ల బీఎస్సీ ఒకటి. లేదా ఏ బ్రాంచి అయినా సరే ఇంజనీరింగ్ డిగ్రీ, అందులో ఏదో ఒక సెమిస్టరులో ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ చదివి ఉండాలి. రెండూ రెగ్యులర్‌గా, కాలేజీకి వెళ్లి చదివినవే కావాలి. దూరవిద్యలో చేసిన బీఎస్సీ ఇక్కడ చెల్లదు. పదో తరగతిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి. మన పిల్లల్లో అది లేనివారు ఉండరు.

బీఎస్సీలో ఒక గొయ్యి ఉంది. ఏటా దాన్ని చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పూర్వం ఎంపీసీ అన్నా ఎంపీసీఎస్ అన్నా మూడు సబ్జెక్టులు సమానంగా నడిచేవి, ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ రెండూ మూడేళ్లూ ఉండేవి. 2023-24లో మన రాష్ట్రంలో ప్రధానంగా చదివే మేజర్ ఒకటి, దాని పక్కన తక్కువగా చదివే మైనర్ ఒకటి అనే పద్ధతి వచ్చింది. మ్యాథమెటిక్స్ మేజర్‌గా తీసుకుని, ఉద్యోగాలు వస్తాయని ఎవరో చెబితే డేటా సైన్స్ మైనర్‌గా పెట్టుకున్న పిల్ల చేతికి బీఎస్సీ పట్టా వస్తుంది. అందులో ఫిజిక్స్ ఉండదు. ఆ పట్టాతో ఏటీసీ తలుపు మూసుకుపోయినట్టే. ఆ సంగతి మూడేళ్ల తరువాత దరఖాస్తు నింపుతూ తెలుసుకుని ఏడ్చిన పిల్లలను చూశాను. మీరు చేరే ఏడాది పద్ధతి ఏదైనా కానివ్వండి, చేరే రోజే అడగాల్సింది ఇది: చివరికి నా మార్కుల జాబితాలో ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ రెండు పేర్లూ కనిపిస్తాయా? ఫిజిక్స్ మేజర్, మ్యాథమెటిక్స్ మైనర్ అయినా సరే, తిరగేసి తీసుకున్నా సరే, రెండూ ఉండాలి. కాలేజీ గుమాస్తా "ఏదైనా ఒకటే" అంటే నమ్మకండి, సబ్జెక్టుల పట్టిక చూపించమనండి.

బీటెక్‌లో ఈ గొడవ తక్కువ. మొదటి ఏడాదిలోనే ఇంజనీరింగ్ ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ సాధారణంగా ఉంటాయి. ఆ సెమిస్టర్ల మార్కుల మెమోలు జాగ్రత్తగా దాచుకుంటే చాలు.

ఇక వయసు లెక్క. దరఖాస్తు నాటికి ఇరవై ఏడేళ్లు దాటకూడదు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంది. ఈడబ్ల్యూఎస్ వారికి రిజర్వేషన్ ఉంది గానీ వయసులో సడలింపు లేదు. 2022 జూన్‌లో 400 పోస్టులకు, 2023 నవంబరులో 496 పోస్టులకు, 2025 ఏప్రిల్‌లో 309 పోస్టులకు దరఖాస్తులు తీసుకున్నారు. అంటే దాదాపు ఏడాదిన్నరకు ఒకసారి. సర్కారువారి నోటిఫికేషన్‌కు ముహూర్తం ఎవరూ పెట్టలేరు, అయినా ఆ లెక్కన చూస్తే ఇరవై ఏళ్లకు బీఎస్సీ ముగించిన పిల్లకు నాలుగు అవకాశాలు దొరకవచ్చు. ఇరవై ఒకటికి బీటెక్ ముగించినవారికి మూడో నాలుగో. తేడా పెద్దది కాదు. వయసు కోసమే బీఎస్సీ ఎంచుకోవాల్సిన పని లేదు.

తేడా ఉన్నది రెండో తలుపు దగ్గర. బీటెక్‌లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్ చదివినవారికి ఏఏఐలోనే మరో ఉద్యోగం ఉంది, ఎలక్ట్రానిక్స్ జూనియర్ ఎగ్జిక్యూటివ్. రాడార్లు, రేడియోలు, విమానం దిగేటప్పుడు దారి చూపే పరికరాలు సరిగా పనిచేసేలా చూసేది వీళ్లే. టవర్‌లో కూర్చునే మనిషి చెవి, కన్ను వీళ్ల చేతుల్లో ఉంటాయి. దీనికి వేరే రాతపరీక్ష లేకుండా, ఇంజనీరింగ్ వారికి దేశమంతా పెట్టే గేట్ పరీక్ష స్కోరు చూస్తారు. 2025 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్‌లో ఈ విభాగానికే 527 పోస్టులు ఉన్నాయి, ఆ ఏడాది ఏటీసీ పోస్టుల కన్నా ఎక్కువ. జీతం స్థాయి రెండింటికీ ఒకటే.

అందుకని నా సలహా ఇలా ఉంటుంది. అనంతపురం జేఎన్‌టీయూలోనో, కర్నూలు, కడప జిల్లాల్లో పేరున్న కాలేజీలోనో ఈసీఈ సీటు వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటే బీటెక్ తీసుకోండి. అలాంటి సీటు రాకపోతే, ఏటీసీ కోసమని అప్పు చేసి, పాఠం చెప్పే మనిషి కూడా సరిగా లేని కాలేజీలో నాలుగేళ్లు గడపకండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ నిజాయతీగా చదివిన పిల్ల ఈ పరీక్షలో బీటెక్ పిల్లలకు ఏమాత్రం తీసిపోదు. ఎందుకో పరీక్ష స్వరూపం చూస్తే మీకే తెలుస్తుంది.

పరీక్ష, ఆ తరువాత గొంతు

రెండు గంటలు, నూట ఇరవై ప్రశ్నలు, కంప్యూటర్ మీద. అరవై మార్కులు ఫిజిక్స్, మ్యాథమెటిక్స్‌కే. మిగతా అరవైలో ఇంగ్లిష్‌కు ఇరవై, తర్కానికి పదిహేను, అంకగణితానికి పదిహేను, జనరల్ నాలెడ్జ్‌కు పది. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదిలిరాకూడదు. సగం పరీక్ష మా క్లాసులో బోర్డు మీద ఉన్నదే. ఇంటర్ పుస్తకాలు మళ్లీ తెరిచి, డిగ్రీ పాఠాలు కలుపుకుంటే ఆ సగం వస్తుంది.

హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకోవాలా, ఇంటి దగ్గరే చదువుకోవాలా అన్నది తరువాత వచ్చే ప్రశ్న. సబ్జెక్టు గట్టిగా ఉన్నవారికి హాస్టల్ ఖర్చు దండగ అని నా నమ్మకం. జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదివి, పాత ప్రశ్నలను గడియారం పెట్టుకుని సాధన చేస్తే సరిపోతుంది. ఇంగ్లిష్ వ్యాకరణం బొత్తిగా రాక, ఇంట్లో చదువుకోడానికి జాగా లేక ఇబ్బంది పడేవారికి మాత్రం మూడు నాలుగు నెలల కోచింగ్ మేలు చేస్తుంది.

రాతపరీక్ష నెగ్గాక ధ్రువపత్రాల పరిశీలన, గొంతు పరీక్ష, మత్తు పదార్థాల పరీక్ష, మానసిక పరీక్ష, వైద్య పరీక్ష ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు వణికేది గొంతు పరీక్షకు. ఆ వణుకు అనవసరం. పరీక్ష పెట్టేవారికి ఇంగ్లిష్ దొరల యాస అక్కర్లేదు. నత్తి లేకుండా, మాట మింగకుండా, వినేవాడికి అంకె అంకె తెలిసేలా పలికితే చాలు.

ఎందుకంటే ఆ ఉద్యోగమంతా చెప్పడం, వినడమే. చిన్నప్పుడు మనం పాఠం అప్పజెప్పలేదా? అదే పద్ధతి. ఇంత ఎత్తుకు వెళ్లమని కంట్రోలర్ చెబుతాడు, పైలట్ ఆ అంకెను తిరిగి అప్పజెబుతాడు. రెండు ఐదు సున్నా అని చెబితే రెండు నాలుగు సున్నా అని వినిపించిందా, అక్కడికక్కడే సరిదిద్దాలి. దిద్దకపోతే ఆ విమానం మరో విమానం ఎత్తులోకి వెళుతుంది. రేడియోలో గరగర మధ్య పొరపాటు రాకూడదనే అంకెలకు అంతర్జాతీయంగా వేరే ఉచ్చారణ పెట్టారు. మూడును త్రీ అనరు, ట్రీ అంటారు. ఐదు ఫైఫ్, తొమ్మిది నైనర్, వెయ్యి టౌసండ్. మా పిల్లలకు ఇది చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. త్రీ పలకడం రాదని స్కూల్లో నవ్వించుకున్నవారు వాళ్లు!

పులివెందుల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియమే, గొంతు పరీక్షకు పిలుపు వచ్చిందని పరుగెత్తుకుంటూ వచ్చింది. పదిహేను రోజులు సాయంత్రం నాలుగున్నరకు ఖాళీ ల్యాబులో సాధన చేయించాను. తను బోర్డు దగ్గర నిలబడి ఇంగ్లిష్ పేపరులోని ఒక పేరా, ఒక కాగితం మీద రాసుకున్న అంకెలు చదివేది. నేను చివరి బెంచీలో ఫ్యాను కింద కూర్చుని విన్నది విన్నట్టు రాసేదాన్ని. నేను తప్పు రాసిన అంకెను తను మళ్లీ పలకాలి. మొదటి రోజు ముప్పై అంకెల్లో పదకొండు తప్పు రాశాను. కంగారుగా చదివేది, వాక్యం చివర గొంతు దిగిపోయేది. ఊపిరి తీసుకుని మొదలుపెట్టమని, చివరి మాట కూడా మొదటి మాటంత గట్టిగా చెప్పమని, అంతే నేర్పాను. పన్నెండో రోజు నా కాగితం, తన కాగితం ఒక్క అంకె తేడా లేకుండా కలిశాయి. మీ ఇంట్లో అమ్మను కూర్చోబెట్టుకుని తెలుగు అంకెలతో అయినా ఈ ఆట మొదలుపెట్టండి.

వైమానిక దళం, విమానం నడపడం

ఏటీసీ పని వైమానిక దళంలో కూడా ఉంది. అక్కడికి దారి ఏఎఫ్‌క్యాట్, అంటే ఎయిర్‌ఫోర్స్ కామన్ అడ్మిషన్ టెస్ట్, ఏడాదికి రెండుసార్లు. గ్రౌండ్ డ్యూటీకి, అంటే విమానం నడపని నేల మీది ఉద్యోగాలకు, ఇరవై నుంచి ఇరవై ఆరేళ్ల మధ్య వయసు, డిగ్రీలో అరవై శాతం ఉండాలి. ఇరవై ఐదేళ్లలోపు వారికి పెళ్లి కాకూడదు. వంద ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు మార్కులు, తప్పు చేస్తే ఒకటి కోస్తారు. ఏఏఐ పరీక్షకు అలవాటు పడి ఇక్కడా అన్నిటికీ గుడ్డిగా గుర్తు పెడితే నష్టపోతారు. ఆపైన ఎంపిక బోర్డు ముందు కొన్ని రోజులు ఉండాలి, బృందంలో మీరు ఎలా మెలుగుతారో అక్కడ చూస్తారు. ఎంపికైతే శిక్షణ హైదరాబాద్ దగ్గరి మన దుండిగల్‌లోనే. మూలవేతనం 56,100 నుంచి మొదలవుతుంది. ఏఏఐలో మూలవేతనం 40,000, అన్నీ కలిపి ఏడాదికి సుమారు పదమూడు లక్షలని 2025 నోటిఫికేషన్ చెప్పింది.

జీతం చూసి ఈ రెండింటి మధ్య ఎంచుకోకండి. వైమానిక దళంలో ఏటీసీ అడ్మినిస్ట్రేషన్ శాఖలో ఒక భాగం, ఆ శాఖలో చేరినవారందరికీ టవర్ పనే వస్తుందన్న హామీ లేదు. ఈ పోస్టులు షార్ట్ సర్వీస్ కమిషన్‌వి, పదేళ్లు, పొడిగిస్తే మరో నాలుగేళ్లు. ఏఏఐలో పదవీ విరమణ దాకా ఉంటారు. యూనిఫాం అంటే ప్రాణం పెట్టేవారు, నలుగురిని నడిపించే చొరవ ఉన్నవారు వైమానిక దళం రాయండి. విమానాల రాకపోకల పని మీదే మనసున్నవారు ఏఏఐ రాయండి. వయసు సరిపోతే రెండూ రాయండి, తర్కం, ఇంగ్లిష్, అంకగణితం రెండింటికీ పనికొస్తాయి.

పైలట్ కావాలని కూడా కొందరు అడుగుతారు. రెండు వందల గంటలు విమానం నడిపితే గానీ కమర్షియల్ లైసెన్సు రాదు, ఆ ఖర్చు నలభై యాభై లక్షల మాట. పొలం అమ్మి ఆ డబ్బు తెస్తామంటే నేను వద్దనే చెబుతాను. లైసెన్సు వచ్చాక ఉద్యోగం దానంతట అది రాదు, ఎదురుచూసే కాలంలో అప్పు వడ్డీ ఆగదు. ఏటీసీ శిక్షణకు మనం ఫీజు కట్టక్కర్లేదు, ఇన్నేళ్లు పనిచేస్తామని బాండు రాయాలి, అంతే.

దరఖాస్తు దగ్గర జారిపడే చోట్లు

ఫీజు వెయ్యి రూపాయలు. ఆడపిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు అది కూడా లేదు. ఈ సంగతి తెలియక నెట్ సెంటర్లో డబ్బు ఇచ్చి వచ్చినవారున్నారు.

బీసీ పిల్లలు ఇది తప్పక చదవండి. మన దగ్గర ఉండే బీసీ ఏ, బీ, డీ ధ్రువపత్రం రాష్ట్రానిది. ఏఏఐ కేంద్ర ప్రభుత్వ సంస్థ. మీ కులం కేంద్రం ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ అందులో ఉండదు. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడంతోనే గడువు అయిపోతుంది. డిగ్రీ చివరి ఏడాదిలోనే సిద్ధం చేసుకోండి. పేరు పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే అది కూడా అప్పుడే సరిచేయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా మన జిల్లాల్లో చాలామందికి ఉంటుంది.

ఇంటికి దూరం

ఆ పులివెందుల అమ్మాయి వాళ్లమ్మ నన్ను అడిగిన ప్రశ్నతో ఆపుతాను. "కడప విమానాశ్రయంలోనే వేయించుకోవచ్చు కదా మేడం?" కడప విమానాశ్రయం ఏఏఐదే. కర్నూలుది రాష్ట్ర ప్రభుత్వ సంస్థది, పుట్టపర్తిది ప్రైవేటుది. కానీ ఏఏఐ ఉద్యోగంలో దేశంలో ఎక్కడికైనా వెళతామని ఒప్పుకునే చేరతాం. మొదటి పోస్టింగు ఏ ఈశాన్య రాష్ట్రంలోనైనా పడవచ్చు. పని షిఫ్టుల్లో ఉంటుంది, రాత్రి డ్యూటీలు తప్పవు, ఉగాదికీ సంక్రాంతికీ విమానాలు ఆగవు. చేరగానే మైకు చేతికి ఇవ్వరు. ప్రతి విమానాశ్రయంలో, ప్రతి రకం పనికి వేరుగా సాధన చేసి, పరీక్ష నెగ్గి, రేటింగు, అంటే ఆ పని సొంతంగా చేసే అనుమతి తెచ్చుకోవాలి. బదిలీ అయితే కొత్తచోట మళ్లీ నేర్చుకోవాలి.

అమ్మానాన్నల ఆరోగ్యం వల్లనో, పొలం వల్లనో ఊరు వదల్లేని పిల్లలు ఉంటారు. వాళ్లకు నేను ఏటీసీ చెప్పను. అదే ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ బీఎస్సీకి బీఈడీ కలిపితే డీఎస్సీ రాసి జిల్లాలోనే బడిలో ఉద్యోగం చేసుకోవచ్చు. బడికి మంచి ఫిజిక్స్ మాస్టారు రావడం ఊరికి ఎంత అవసరమో నాకు తెలుసు. ఊరు దాటగలిగినవారు మాత్రం డిగ్రీ మొదటి ఏడాది నుంచే ఏఏఐ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. పోయిన నోటిఫికేషన్‌ను దింపుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకసారి చదవండి. అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత పెట్టి, మీ ఫిజిక్స్ మాస్టారినో మేడంనో అడగండి.